గోనె మిల్లు హోటల్లో రెండు రాత్రులు: ఒక పాత ఫిట్టరు చూసింది

ఈ మిల్లులో నిద్రపోవడం నాకు మొదటిసారి కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒకసారి పడుకున్నాను, ఫినిషింగ్ సెక్షన్లో గోనెపట్టాల గుట్ట మీద, పైసా ఖర్చు లేకుండా. మొన్న శ్రావణంలో మళ్ళీ పడుకున్నాను. ఈసారి రాత్రికి 4,600 రూపాయలు, పొద్దున టిఫినుతో కలిపి.

నేను 26 ఏళ్ళు గోనె మిల్లులో ఫిట్టరుగా చేశాను. ఈ మిల్లు కాదు, విజయనగరం జిల్లాలోనే ఇంకోటి. ఇక్కడ ఒక ఫ్రేముకి గేరు పళ్ళు విరిగితే మా వాళ్ళు ఒక గేరునీ దానితోపాటు నన్నూ అరువిచ్చారు. అలా వచ్చి పని తెమలక రాత్రి ఉండిపోయాను. తర్వాత వాళ్ళ మిల్లూ మూతపడింది, మా మిల్లూ మూతపడింది. మా గేటుకి ఒక పొద్దున లాకౌట్ నోటీసు అంటించారు, గ్రాట్యుటీ డబ్బులకి ఎన్నాళ్ళు తిరిగానో ఇక్కడెందుకులెండి.

హోటల్ పేరు మాత్రం రాయను. మేము వెళ్ళింది మా మేనకోడలి కూతురి పెళ్ళికి, గదులన్నీ బుక్ చేసింది మా మేనల్లుడు. వాడు ఆ యజమానికి సిమెంటు సరఫరా చేస్తాడు. నేను పేరు రాస్తే వాడి బిల్లులు ఆగిపోతాయి. విజయనగరం స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి పాత మిల్లు హోటల్ అంటే వాళ్ళే తీసుకెళ్తారు.

గేటు దగ్గర్నుంచి మొదలుపెడతాను. ఒకప్పటి టైమాఫీసే ఇప్పుడు రిసెప్షన్. మిల్లులో ఒక్కొక్కడికి ఒక ఇత్తడి టోకెన్ ఉండేది. లోపలికెళ్ళేటప్పుడు బోర్డు మీద మేకుకి తగిలించాలి, లేకపోతే ఆ పూట కూలి లేదు. ఇక్కడ గది తాళానికి అలాంటి గుండ్రటి ఇత్తడి బిళ్ళే కట్టారు, నంబరు పోగరుతో చెక్కించి. శ్రీకాకుళం దగ్గర బుడితిలో చేయించామని కౌంటరు దగ్గర అబ్బాయి చెప్పాడు. చేతిలో బరువుగా, చల్లగా ఉంది. బుడితి ఇత్తడి కదా, పని బాగుంది. కార్డు గీకితే తెరుచుకునే తలుపులు పెట్టనందుకు ఒక మార్కు వేసుకోండి.

రిసెప్షన్ దాటగానే పెద్ద హాలు. మధ్యలో అద్దాల గట్టు మీద ఒక యంత్రం, కింద నుంచి లైట్లు, పక్కన రాగి రేకు మీద రాత: "మగ్గం, స్కాట్లండు". మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉంది, నేను కదల్లేదు. అది మగ్గం కాదు. స్పిన్నింగ్ ఫ్రేము. మగ్గానికి నాడె ఉంటుంది, అచ్చు ఉంటుంది, పడుగు చుట్టిన దోనె ఉంటుంది. దీనికి నూలుకి పురి తిప్పే ఫ్లయ్యర్లు వరసగా వేలాడుతున్నాయి, వాటి కింద బాబిన్లు. నూలు వడికే యంత్రమని పదేళ్ళ పిల్లాడికి చెప్పినా తెలుస్తుంది. పోనీ స్కాట్లండైనా నిజమా అంటే, దాని పక్క చట్రంలో ఇనుములోనే పోతపోసి ఉంది: జేమ్స్ మాకీ అండ్ సన్స్, బెల్‌ఫాస్ట్. బెల్‌ఫాస్ట్ ఉత్తర ఐర్లండులోది. రేకు కొట్టించినవాడు కళ్ళెదురుగా ఉన్న అక్షరాలు చదవలేదు.

స్కాట్లండు అని ఎందుకు రాశారో నాకు తెలుసు. జనపనార అంటే స్కాట్లండులోని డండీ ఊరే. బెంగాల్ నుంచి నార ఓడల్లో డండీకి వెళ్ళేది, అక్కడ గోనె అయ్యేది. తర్వాత యంత్రాలే ఇటొచ్చాయి, 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మన దేశపు మొదటి జ్యూట్ మిల్లు పెట్టారు. మా మిల్లులో పాత మగ్గాలు డండీవే, వడికే ఫ్రేములు మాత్రం బెల్‌ఫాస్ట్‌వి. మాకీ యంత్రం అంటే ఫిట్టర్లకి గౌరవం. బోల్టు విప్పితే మళ్ళీ అదే చోట కూర్చునేది.

మేనేజరు ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, హైదరాబాద్ నుంచి వచ్చాడు, మర్యాదస్థుడు. "బాబూ, అది మగ్గం కాదు" అన్నాను. "గెస్టులకి మగ్గం అంటేనే అర్థమవుతుంది సార్" అన్నాడు. నేను బిల్లు వెనక సరైన మాట రాసిచ్చాను. జేబులో పెట్టుకున్నాడు.

ఇక గది. మాకు ఇచ్చింది 14వ నంబరు, పాత స్పిన్నింగ్ షెడ్డులో. ఈ షెడ్డు కప్పు రంపపు పళ్ళలా ఉంటుంది. ఒక వైపు వాలుగా రేకు, రెండో వైపు నిలువుగా అద్దం. అద్దాలన్నీ ఉత్తరానికే చూస్తాయి, అందుకే నార్త్ లైట్ షెడ్డు అంటారు. ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం సమంగా రావాలని అలా కడతారు. నూలు తెగితే కంటికి కనబడాలి కదా. ఆ అద్దాలు తీసెయ్యకుండా, పైన ఫాల్స్ సీలింగ్ కొట్టి ముయ్యకుండా అలాగే ఉంచారు. మంచం మీద పడుకుని పైకి చూస్తే ఇరవై అడుగుల ఎత్తున ఆకాశం. ఇది బాగుంది. ఈ ఒక్కదానికే అక్కడికి వెళ్ళొచ్చు.

కానీ ఆ కప్పు లెక్క డండీ లెక్క. అక్కడ సూర్యుడు మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. మనకి అలా కాదు. మే నడిమి నుంచి జూలై ఆఖరు దాకా నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. ఆ రోజుల్లో నార్త్ లైటులోంచీ ఎండ దిగుతుంది. మిల్లులో అందుకే ఏప్రిల్ ఆఖర్లో పైకెక్కి అద్దాలకి సున్నం పూసేవాళ్ళం, వానలు పడితే అదే కడుక్కుపోయేది. ఖర్చు ఒక బస్తా సున్నం, ఇద్దరు కూలీలు. హోటల్ వాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. గోడ కిటికీలకి ఖరీదైన పరదాలు వేశారు, కప్పు అద్దాలకి ఏమీ లేదు. శ్రావణంలో కూడా పొద్దున్నే సూర్యుడు ఈశాన్యం వారగా లేస్తాడు, రెండో రాత్రి మబ్బు విడిచింది, తెల్లారి ఆరింటికల్లా మా ఆవిడ మొహం మీద ఎండ. నాకు ఫరవాలేదు, పొద్దుటి షిఫ్టుకి ఆరింటికే గేటులో ఉండేవాణ్ణి. రాత్రి రెండింటిదాకా డాన్సులు చేసి పడుకున్న పెళ్ళివారి పిల్లలు మాత్రం తువ్వాళ్ళు మొహాల మీద కప్పుకుని తిట్టుకున్నారు. మేలో వెళ్ళేవాళ్ళు కళ్ళకి కట్టుకునే గుడ్డ తీసుకెళ్ళండి.

మొదటి రాత్రి వాన పడింది. అల్పపీడనం, ఆగకుండా కురిసింది. పదకొండు దాటాక మంచం పక్కన స్తంభంలోంచి గుడగుడమని చప్పుడు. మా ఆవిడ లేచి కూర్చుంది. "ఏటండీ, స్తంభం మాటాడుతోంది" అంది. నిజంగానే భయపడింది. నేను చెయ్యి పెట్టి చూశాను, ఇనుము చల్లగా వణుకుతోంది. అప్పుడు నవ్వొచ్చింది. ఆ స్తంభాలు పోత ఇనుపవి, లోపల బోలు. రెండు రంపపు పళ్ళ మధ్య లోయలా ఉండే చోట గట్టరు ఉంటుంది, కప్పు మీద పడ్డ నీళ్ళన్నీ అందులోకి చేరి ఈ స్తంభాల లోపల్నుంచే కిందికి దిగి నేల కింద కాలవలో కలుస్తాయి. కప్పు మొయ్యడానికీ నీళ్ళు దించడానికీ ఒకటే గొట్టం. కట్టినవాళ్ళు విడిగా పైపులు వేయలేదు. నూరేళ్ళు కావస్తున్నా అది ఆ పని చేస్తూనే ఉంది, ఇవతల ఏసీ, టీవీ, గాజు గ్లాసులు పెట్టినా దానికేం పట్టదు. ఆ చప్పుడు వింటూ చాలాసేపు మెలకువగా ఉన్నాను. మా ఆవిడ కూడా కాసేపటికి అలవాటుపడి, "మన ఇంటి చూరు నీళ్ళలాగే ఉందిలే" అని పడుకుంది.

అయితే ఆ చప్పుడులో ఒక తేడా ఉంది. నీళ్ళు నిండుగా దిగుతుంటే ఒకటే హోరు రావాలి. ఇది ఆగి ఆగి గుటకలు వేస్తోంది. అంటే పైన గట్టరులో ఏదో అడ్డం పడింది. పొద్దున వరండాలోకి వచ్చేసరికి అనుకున్నట్టే అయింది. గట్టరు పొంగి లోపలి గోడ మీదుగా నీళ్ళు కారుతున్నాయి, కింద ఒక ప్లాస్టిక్ బకెట్, అది కనబడకుండా ముందు ఒక క్రోటన్ కుండీ. నార్త్ లైట్ షెడ్డుకి జబ్బంతా ఆ లోయల్లోనే. మిల్లు నడిచేటప్పుడు పీచు దుమ్ము ఎగిరి పోయి అక్కడ మెత్తలా పేరుకునేది, తొలకరికి ముందు గోతాలకొద్దీ ఎత్తేవాళ్ళం. ఇప్పుడు పీచు లేదు, చింతాకు ఉంది. మేనేజరు దగ్గరికెళ్ళి, "ఒక మనిషిని పైకెక్కించి గట్టర్లు గీకించు బాబూ, గోడకి రంగు వెయ్యక్కర్లేదు" అన్నాను. వాటర్‌ప్రూఫింగ్ కంపెనీవాళ్ళు కొటేషన్ ఇచ్చారట, లక్షల్లో. ముందు చీపురు కొనమన్నాను. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్ళం మనం. ఒక్క చింతచెట్టు ఆకులకే పొంగిన గట్టరు రేపు అలాంటి గాలివానకి ఏం తట్టుకుంటుంది?

గదిలో తప్పులు ఇంకో మూడు ఉన్నాయి. బాత్రూముకి ఎనిమిది అంగుళాల మెట్టు. మిల్లు నేల కింద మరుగుదొడ్డి పైపులు ఉండవు కదా, పాత నేల పగలగొట్టకుండా వాలు తెచ్చుకోవడానికి బాత్రూము మొత్తం ఎత్తు చేశారు. ఎందుకు చేశారో నాకు అర్థమైంది, నా కాలి బొటనవేలికి అర్థం కాలేదు. మెట్టు అంచుకి ఒక పసుపు పట్టీ అంటించినా సరిపోయేది. పెళ్ళికొచ్చిన మా వియ్యపురాలికి మోకాళ్ళ నొప్పి, రెండు రోజులూ మెట్టెక్కిన ప్రతిసారీ హోటలాయన్ని దీవించింది.

గదుల మధ్య గోడలు జిప్సం బోర్డువి. పది అడుగుల దాకా ఉన్నాయి, ఆ పైన కప్పు దాకా ఖాళీ, అందంగా ఉంటుందని సన్నటి తీగల వల కట్టారు. గాలీ వెలుతురూ ఆడతాయి, నిజమే. మాటలు కూడా ఆడతాయి. నా ఎడమ చెవి ఎప్పుడో మిల్లుకి ఇచ్చేశాను, అయినా పక్క గదిలో పెళ్ళికొడుకు తరఫు ఆయన కట్నం గురించి ఫోనులో ఏం మాట్లాడాడో అంకెలతో సహా చెప్పగలను. పెళ్ళిళ్ళకి ఇచ్చే హోటలులో ఇది మంచిది కాదు.

మూడోది అందరికీ తప్పు అనిపించకపోవచ్చు. బాత్రూము మూల వంగితే సన్నగా ఒక వాసన. మా ఆవిడ ఫినాయిల్ అంది. కాదు, జ్యూట్ ఆయిల్. బ్యాచింగులో నార మెత్తబడాలని నూనే నీళ్ళూ కలిపి చల్లి, కుప్పగా వేసి మాగనిస్తారు. ఆ నూనె మిల్లు మొత్తానికి పడుతుంది, మనిషికీ పడుతుంది. మా అమ్మ నా చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టేది. సిమెంటు నేల అన్నేళ్ళు తాగిన నూనె పైన టైలు వేస్తే పోతుందా? అక్కడక్కడ టైళ్ళు ఉబ్బుతున్నాయి, గోటితో కొడితే డొల్ల చప్పుడు. పాత నేల మీద రెండంగుళాలు గీకి తీసి వెయ్యాల్సింది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. తినే హాలుకి "బ్యాచింగ్ హౌస్" అని పేరు పెట్టారు. మిల్లు మొత్తంలో ముక్కు మూసుకునే చోటు అదే, పేరు పెట్టినవాడికి ఎవరూ చెప్పలేదు పాపం. టిఫిను బాగుంది. పెసరట్టు పల్చగా, అల్లం పచ్చిమిర్చి సరిగ్గా పడి. అడిగితే చోడి అంబలి కూడా ఇచ్చారు, మజ్జిగా ఉల్లిపాయా వేసి. మధ్యాహ్నం మాత్రం ఉలవచారు బిర్యానీ, రాయలసీమ నాటుకోడి. మన దగ్గర నెత్తళ్ళు లేవా, ఆవ పెట్టిన పనసపొట్టు లేదా? గోంగూర మటన్ ఉంది, అది తిన్నాను. వడ్డించే అబ్బాయితో, "నువ్వు తెచ్చిందీ ఈ మిల్లు నడిపిందీ ఒకటే మొక్క తెలుసా" అంటే వింతగా చూశాడు. మన ఉత్తరాంధ్ర మిల్లులు బెంగాల్ జనపనార ఒక్కదాని మీదే నడవలేదు, మెట్ట చేలల్లో పండిన గోగునార కూడా వాడేవాళ్ళం. గోగు ఆకు పులుసులోకి, బెరడు మిల్లులోకి. పూతకొచ్చాక కోసి, కట్టలు కట్టి, చెరువులో రెండు మూడు వారాలు ఊరవేసి నార ఒలిచేవారు. ఆ రోజుల్లో ఊరి చెరువు దగ్గరికి వెళ్ళాలంటే కంపు. ఇప్పుడు ఆ చేలల్లో మొక్కజొన్న. ధాన్యం, చక్కెర గోనెసంచుల్లోనే నింపాలని 1987లో చట్టం వచ్చింది కాబట్టి మా మిల్లులు ఆ మాత్రమైనా నడిచాయి, నన్నడిగితే లేకపోతే ఇంకా ముందే హోటళ్ళు అయ్యేవి. ఇవేవీ ఆ వరండాలో వేలాడదీసిన "చరిత్ర" ఫొటోల కింద లేవు. దొరల ఫొటోలు ఉన్నాయి, అదీ నలుపు తెలుపులో.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి. స్పిన్నింగుకీ బ్యాచింగుకీ మధ్య మందపాటి చెక్క తలుపు ఒకటి ఉంది, రెండు వైపులా ఇనప రేకు తాపడం. పైన పట్టా ఒక వైపు వాలుగా ఉంటుంది. తలుపు వదిలేస్తే దానంతటది జారి మూసుకుపోవాలి, మామూలప్పుడు గొలుసుకి బరువు కట్టి తెరిచి ఉంచుతారు. ఆ గొలుసు మధ్యలో బొటనవేలంత లోహపు ముక్క ఉంటుంది. మంట రాజుకుంటే ఆ వేడికి అది కరుగుతుంది, గొలుసు తెగుతుంది, తలుపు దొర్లుకుంటూ వెళ్ళి మూసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. గోనె మిల్లులో మంట అంటే ఎంత భయమో ఆ తలుపు చూస్తే తెలుస్తుంది. మా గేటులో బీడీ కట్ట వదిలేసేవారు కానీ అగ్గిపెట్టె లాక్కునేవారు. ఈ హోటల్ వాళ్ళు ఆ తలుపుని నున్నగా పాలిష్ పెట్టి, ఎల్ యాంగిల్ వేసి గోడకి బిగించేశారు. దాని మీద అద్దం వేలాడదీశారు, ఆడపిల్లలు ఫొటోలు తీసుకోవడానికి.

సరే, కొత్త ఏర్పాట్లు వేరే చేసుకుని ఉంటారు అనుకున్నాను. చూశాను కూడా. కప్పుకి స్ప్రింక్లర్లు ఉన్నాయి, మంటలార్పే సిలిండర్ల మీద తేదీ సరిగ్గానే ఉంది, బయటికి పోయే దారి బోర్డులు వెలుగుతున్నాయి. అంతవరకు బాగుంది. కానీ సంగీత్ నాడు హాలంతా అలంకరణకి ఏం కట్టారంటే, గోనె. మిల్లు థీమట. కప్పు నుంచి గోనె తోరణాలు, గోనె కుచ్చులు, స్తంభాలకి పురికొస. వాటి కింద పిల్లా పిల్లాడూ నడిచి వస్తుంటే రెండు వైపులా నిప్పురవ్వలు చిమ్మే యంత్రాలు పెట్టారు. "కోల్డ్ పైరో, చెయ్యి పెట్టినా కాలదు అంకుల్" అని డెకరేషన్ కుర్రాడు. నాకు చెమటలు పట్టాయి. అంత టెన్షన్ నేను రిటైరయ్యాక ఎప్పుడూ పడలేదు. మా మేనల్లుణ్ణి రెక్క పట్టుకుని పక్కకి లాగి, "ఒరే, ఎండు గోనె ఎంత బేగి అంటుకుంటుందో నీకు తెలీదు, ఆ మిషన్లు తీయించు, లేకపోతే నేను ఇక్కడే కూర్చుంటాను" అన్నాను. "మావయ్యా, పన్నెండు వేలు కట్టాం" అన్నాడు. ఆఖరికి బయట లాన్ లోకి మార్పించాడు. మా చెల్లెలు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫరవాలేదు.

పాత ఫైరు ట్యాంకుని ఈతకొలను చేయడం మాత్రం తెలివైన పని. గోడలు ఎలాగూ గట్టివి, నీళ్ళు ఎలాగూ నిలవ ఉండాలి. ఇంటికొచ్చాక ఇదంతా మా మనవడికి చెబితే ఫోనులో చూపించాడు, పోలండులో లోడ్జ్ అనే ఊళ్ళో 1878 నాటి నూలు మిల్లుని 2009లో హోటల్ చేసి ఇదే పని చేశారట, వాళ్ళ ఫైరు ట్యాంకు కప్పు మీద ఉంటే అక్కడే ఈతకొలను. డండీలోనే బాక్స్టర్ల పాత నార మిల్లు ఒకటి 2018 నుంచి హోటల్. చైనాలో యాంగ్‌షువో దగ్గర నది ఒడ్డున 1960ల చక్కెర మిల్లుని 2017లో హోటల్‌గా తెరిచారు, పడవల్లోకి సరుకు ఎక్కించే రేవు చట్రం అలాగే ఉంచి దాని కిందే కొలను కట్టారు. ఆ ఫొటో నేను చాలాసేపు చూశాను. "తాతయ్యా, మన దగ్గర కూడా ఉన్నాయి కదా మూసేసిన షుగర్ ఫ్యాక్టరీలు" అన్నాడు వాడు. ఉన్నాయి. ఆమదాలవలసలో ఉంది, భీమసింగిలో ఉంది. ఆ చుట్టుపక్కల రైతులని అడిగితే హోటల్ కావాలి అనరు, చెరుకు ఆడించమంటారు. అది వేరే రివ్యూ.

సాయంత్రం ఏడింటికి మిల్లు కూత వేస్తారు, పాత సైరనే. పిల్లలు చప్పట్లు కొడతారు. ఏడింటికి ఏ మిల్లులోనూ షిఫ్టు లేదు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది.

పనివాళ్ళ గురించి ఒక మాట. దుప్పట్లు మార్చడానికి వచ్చినావిడ ఈ ఊరిదే. ఈ మిల్లులోనే సంచులు కుట్టే సెక్షన్లో చేసిందట. "అప్పుడు సంచికింతని లెక్క బాబూ, ఎక్కువ కుడితే ఎక్కువ. ఇప్పుడు నెలకింతని. గదులెన్ని తుడిచినా అంతే" అంది. ఏది నయం అని అడిగాను. "ఇక్కడ దగ్గు లేదు" అని చెప్పి దిండు గలీబులు తీసుకెళ్ళిపోయింది. మొత్తం ఎంతమంది ఊరివాళ్ళు అని కౌంటరులో అడిగితే సగానికి సగం అన్నారు. వంటలో, లెక్కల్లో అందరూ బయటివాళ్ళే, నేను చూసినంతలో.

మార్కులు అడిగితే అయిదుకి మూడు. కప్పు అద్దాలు, ఇత్తడి బిళ్ళలు, ఈతకొలను, పెసరట్టు ఒక వైపు. గట్టర్లు, తలుపు, పది అడుగుల గోడలు ఇంకో వైపు. ముసలివాళ్ళు ఉంటే ఆఫీసు బంగళా వైపు గదులు అడగండి, అక్కడ మెట్టు లేదు, గోడ కప్పు దాకా ఉంది, వెలుతురు మాత్రం తక్కువ. వానాకాలంలో వెళ్ళి, నిద్ర పట్టకపోయినా ఫరవాలేదనుకుంటే 14 అడగండి. స్తంభం మంచానికి ఎడమ పక్కన ఉంటుంది.

బయల్దేరే రోజు పొద్దున హాలులో ఎవరూ లేనప్పుడు ఆ ఫ్రేము దగ్గరికి వెళ్ళాను. తాడు కింద నుంచి దూరి ఒక ఫ్లయ్యరుని వేలితో తిప్పాను. తిరిగింది. అన్నేళ్ళు కదలని స్పిండిలు, ఒక్కసారి బిగుసుకుని, తర్వాత తేలిగ్గా తిరిగింది. వేళ్ళకి నల్లగా పాత గ్రీజు అంటింది, గదికొచ్చి తెల్ల తువ్వాలుకి తుడుచుకున్నాను. బిల్లులో 250 రూపాయలు వేశారు, తువ్వాలు పాడుచేసినందుకు. మా మేనల్లుడు నోరెత్తకుండా కట్టేశాడు. డబ్బు కట్టాం కదా అని ఆ తువ్వాలు ఇంటికి తెచ్చేసుకున్నాను. రేకు మీద ఇంకా "మగ్గం" అనే ఉందట, పోయిన వారం వాడు ఫొటో పంపాడు.